ఉప్పు ఇసుకలో పోయిన బంగారం: గోపాల్‌పూర్ తీరంలో మెటల్ డిటెక్టర్ వాడే విధానం

కార్తీక పౌర్ణమి మర్నాడు పొద్దున్నే ఒడిశా గంజాం జిల్లాలోని గోపాల్‌పూర్ ఒడ్డుకి వెళ్తే, ఎవరో ఒక ఇంటివాళ్లు ఇసుకలో చేతులు పెట్టి దేవులాడుతూ కనిపిస్తారు. ముందురోజు స్నానంలో ఉంగరం జారిపోయి ఉంటుంది, లేదా పిల్ల కాలి పట్టీ ఊడి ఉంటుంది. గంటసేపు వెతికి, సముద్రంలో పడింది ఇంకేం దొరుకుతుందని కళ్లు తుడుచుకుంటూ బరంపురం బస్సు ఎక్కేస్తారు. వాళ్లకోసం, వాళ్లకి సాయపడదామని డిటెక్టర్ కొనుక్కునేవాళ్లకోసం ఇది రాస్తున్నాను.

మాది బరంపురంలో తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం. మొదటిసారి డిటెక్టర్ పట్టుకుని గోపాల్‌పూర్ వెళ్లినప్పుడు పొడి ఇసుకలో అది చక్కగా పనిచేసింది. తడి ఇసుకలోకి దిగానో లేదో, కాయిల్, అంటే కర్ర చివర ఉండే పళ్లెం, ఎక్కడ పెట్టినా కూతే. యంత్రం చెడిపోయిందనుకుని ఇంటికి తెచ్చి రెండు నెలలు అటక మీద పెట్టేశాను. అది చెడిపోలేదు. ఉప్పునీరు దానికి ఎలా కనిపిస్తుందో నాకు తెలియలేదు, అంతే. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతోమంది వేలకు వేలు పోసి కొన్నదాన్ని సగం ధరకి అమ్మేసుకుంటారు. అందుకే మీటల జోలికి పోకముందు ఇసుక సంగతి చెబుతాను.

ఉప్పు ఒక చివర, నల్ల ఇసుక ఇంకో చివర

డిటెక్టర్ కాయిల్ సెకనుకి కొన్ని వేలసార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని ఇసుకలోకి పంపుతుంది. అది తగిలిన లోహంలో సుడులు తిరిగే చిన్న చిన్న కరెంటు ప్రవాహాలు పుడతాయి. ఆ ప్రవాహాలు తమ సొంత క్షేత్రాన్ని వెనక్కి పంపితే, కాయిల్‌లోని రెండో తీగచుట్ట దాన్ని పట్టుకుని మనకి కూతగా వినిపిస్తుంది. కరెంటు మోయగల దేనిలోనైనా ఇదే జరుగుతుంది. సముద్రపు నీటిలో లీటరుకి ఇంచుమించు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది కనుక అదీ కరెంటుని మోస్తుంది. పొడి ఇసుక మీద మౌనంగా ఉన్న యంత్రం తడి ఇసుకని ఒక పెద్ద పల్చటి లోహపు రేకులా చూస్తుంది.

చిక్కు ఎక్కడుందంటే, యంత్రం తెర మీద ఉప్పుకి వచ్చే అంకె, సన్నటి బంగారు ఉంగరానికో ముక్కుపుడకకో వచ్చే అంకె పక్కపక్కనే ఉంటాయి. ఉప్పు గోల భరించలేక ఆ అంకెల్ని డిస్క్రిమినేషన్‌తో, అంటే కొన్ని అంకెలు పలకకుండా చేసే సెట్టింగుతో, నొక్కేస్తే, ఏ బంగారం కోసం వచ్చామో అదే వినపడకుండా పోతుంది. వెండి పట్టీ, మందపాటి రాగి ముక్క చాలా పైఅంకెల్లో పలుకుతాయి కాబట్టి వాటికి ఈ బాధ తక్కువ.

రెండో చిక్కు నల్ల ఇసుక, మన గంజాం తీరంలో గట్టిగా కనిపించేది. ఛత్రపురం దగ్గర ఐఆర్‌ఈఎల్ సంస్థ ఈ తీరపు ఇసుక నుంచే ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్, మోనజైట్, గార్నెట్, సిల్లిమనైట్ అనే ఖనిజాలని వేరు చేస్తుంది. మామూలు తెల్ల ఇసుక నీటికంటే రెండున్నర రెట్లు పైచిలుకు బరువైతే, ఇల్మనైట్ నాలుగున్నర రెట్లు పైమాటే. కెరటం తేలికైన ఇసుకని ఊడ్చుకుపోయి బరువైనదాన్ని పొరలుగా వదిలేస్తుంది. ఒడ్డున కాటుక దిద్దినట్టు కనిపించే నల్ల చారలు అవే. ఆ నల్ల గింజల్లో ఇనుము ఉంది. గ్రౌండ్ బ్యాలెన్స్ అంటే నేల చేసే రొదని యంత్రం పట్టించుకోకుండా చేసే సర్దుబాటు. దాని కొలమానంలో ఉప్పు ఒక చివర ఉంటే ఈ నల్ల ఇసుక ఇంకో చివర ఉంటుంది. ఒకే ఫ్రీక్వెన్సీతో, అంటే క్షేత్రం సెకనుకి ఇన్నిసార్లని ఒకే లెక్కన దిశ మారుతూ, నడిచే యంత్రం ఒకదాన్ని నిశ్శబ్దం చేస్తే రెండోది అరుస్తుంది. తడిగా ఉన్న నల్ల ఇసుక మీద నా పాత యంత్రం పడ్డ అవస్థ ఇదే.

మీరు నిలబడ్డ చోట నల్ల ఇసుక ఎంతుందో తెలుసుకోవడానికి తేలికైన ఉపాయం ఉంది. పాత హార్డ్ డిస్క్‌లోంచి తీసిన బలమైన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పొడి ఇసుకలో పది అడుగులు ఈడ్చండి. సంచికి నల్లటి గడ్డంలా గింజలు వేలాడితే అక్కడ సెన్సిటివిటీ, అంటే యంత్రం ఎంత సన్నటి కూతని పట్టాలో చెప్పే సెట్టింగు, తగ్గించక తప్పదు. ఒకటో అరో అంటుకుంటే మీకు ఉప్పుతోనే పని. సంచిని తిరగేసి లాగితే గింజలు రాలిపోతాయి, అయస్కాంతం శుభ్రంగా ఉంటుంది.

ఏ యంత్రం

ఫోన్‌లో వేసుకునే మెటల్ డిటెక్టర్ యాప్‌లు బంగారాన్ని చూడలేవు. ఫోన్‌లో ఉన్నది అయస్కాంత సెన్సర్, అది ఇనుముకే కదులుతుంది. సినిమా హాలు గుమ్మం దగ్గర ఒంటికి తిప్పే కర్రా ఇసుకలో పనికిరాదు.

ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రాలు, అంటే గారెట్ ఏస్ 250 వంటివి, పొడి ఇసుకకి సరిపోతాయి. ఏస్ 250 గ్రౌండ్ బ్యాలెన్స్ ఫ్యాక్టరీలోనే బిగించి వస్తుంది, మనం మార్చలేం. దాని కాయిల్ నీళ్లలో మునిగినా ఫర్వాలేదు కానీ పైన ఉన్న పెట్టె తడవకూడదు. సాయంత్రం జనం కూర్చుని పల్లీలు తినే పొడి ఇసుక మేర వరకే మీ పని అయితే దానితో మొదలుపెట్టొచ్చు.

తడి ఇసుకలో దిగాలంటే ఒకేసారి పలు ఫ్రీక్వెన్సీలతో నడిచేది కావాలి. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్, నోక్టా లెజెండ్, ఎక్స్‌పీ డియస్ 2 ఈ కోవలోవి. ఉప్పు ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కోలా స్పందిస్తుంది, లోహం ఇంకోలా. యంత్రం ఆ జవాబుల్ని పోల్చి ఉప్పు వాటాని తీసేస్తుంది. ఈ మూడింటిలోనూ బీచ్ మోడ్ అని విడిగా ఉంటుంది. తడిలో మామూలు నేల కోసం ఉన్న పార్క్ మోడ్ పెట్టి విసుక్కునేవాళ్లని చూశాను. ముందు మోడ్ మార్చండి.

మూడో రకం పల్స్ ఇండక్షన్, గారెట్ సీ హంటర్ మార్క్ 2 లాంటిది. ఇది కరెంటుని దెబ్బలు దెబ్బలుగా పంపి, ఆపి, కొన్ని మైక్రోసెకన్లు ఆగి వింటుంది. ఉప్పునీటిలో పుట్టిన ప్రవాహం ఆలోపే చచ్చిపోతుంది, లోహంలోది ఇంకా మిగిలి ఉంటుంది. నల్ల ఇసుకని కూడా బాగా తట్టుకుంటుంది, లోతు వెళ్తుంది. కానీ మేకు, సోడా మూత, ఉంగరం అన్నీ దానికి ఇంచుమించు ఒక్కటే. లైట్‌హౌస్ ముందు జనం తిరిగే మేరలో దాన్ని పట్టుకుంటే రోజంతా మేకులు తవ్వడమే అవుతుంది. జనం తక్కువగా ఉండి, ఇనుప చెత్త లేని చోట అది మంచి పనిముట్టు. ఒక్కటే కొనగలిగితే పలు ఫ్రీక్వెన్సీలదే కొనమంటాను.

దీనితోపాటు ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ చిల్లుల పార కావాలి. ఇసుక, నీరు చిల్లుల్లోంచి జారిపోయి వస్తువు నిలుస్తుంది. చిల్లులు చిటికెనవేలు దూరేంత ఉంటే ముక్కుపుడక జారిపోతుంది, చూసుకోండి. గోతిలో వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే చిన్న చేతి డిటెక్టర్, పిన్‌పాయింటర్, నీళ్లకి ఆగేదై ఉండాలి. కాళ్లకి మడమ మూసిన చెప్పులు తప్పనిసరి. మన తీరంలో గాలాలు, సీసా పెంకులు తక్కువేం కాదు.

పోటు, పాటు చూసుకుని బయల్దేరండి

పోటుకి, పోటుకి మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే రోజురోజుకీ ముప్పావుగంట పైన ఆలస్యంగా వస్తుంది. మీకు కావలసింది పాటు, నీరు బాగా వెనక్కి లాగిన వేళ. అమావాస్య, పౌర్ణమికి అటూ ఇటూ రెండు రోజులు నీరు ఎక్కువ వెనక్కి పోయి, మిగతా రోజుల్లో మునిగి ఉండే ఇసుక బయటపడుతుంది. మన దగ్గర ఈ తేడా గుజరాత్ ఖంభాత్‌లో మాదిరి భారీగా ఉండదు. అందుకే ఆ నాలుగైదు రోజుల్ని వదులుకోకూడదు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటుపాట్ల పట్టికలు వేస్తుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కెరటాల ఎత్తు ముందుగా చెబుతుంది, ఉప్పెన కెరటాల హెచ్చరికలూ ఇస్తుంది. ఈ రెండూ చూడకుండా నేను గడప దాటను.

నీరు పూర్తిగా తగ్గే వేళకి రెండు గంటల ముందే ఒడ్డున ఉండండి. వెనక్కి పోతున్న నీటిని వెంబడిస్తూ కిందికి దిగండి. పోటు తిరగ్గానే మీరూ వెనక్కి తిరగండి. గోపాల్‌పూర్ ఒడ్డు చాలాచోట్ల నిటారుగా దిగుతుంది, లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నాయి, ఈతగాళ్లే కొట్టుకుపోయారు. మోకాలు దాటి దిగకండి. చెవులకి హెడ్‌ఫోన్స్ ఉంటే వెనకనుంచి వచ్చే కెరటం వినపడదు. ఒక చెవి వదిలేయండి, లేదా ఒడ్డున ఒక మనిషిని నిలబెట్టండి. నేను మా బావమరిదిని తీసుకెళ్తాను.

బరువైనది ఎక్కడ ఆగుతుంది

గోపాల్‌పూర్, ఆర్యపల్లి పల్లెల్లో వలవేసేవాళ్లలో మన తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. ఒడియావాళ్లు వాళ్లని నోలియాలంటారు. ఒకరోజు నేను ఎత్తుగా ఉన్న ఇసుక మీద చెమటోడ్చి తిప్పుతుంటే వల బాగుచేసుకుంటున్న ఒక తాత పిలిచాడు.

“ఏటి బాబూ, ఆడెక్కడో ఎతుకుతున్నావు? మా వల గుళ్లు తెగి పడితే ఇదిగో ఈ గోతిలోనే దొరుకుతాయి. బరువున్నదల్లా ఒక్క దారినే పోద్ది.”

ఆ మాట నాకు యంత్రంతో వచ్చిన పుస్తకమంతా చదివినా దొరకని పాఠం. వలకి కట్టే సీసం గుళ్లు నీటికంటే 11 రెట్లు బరువు. 22 కేరట్ల బంగారం 17 రెట్లు దాటుతుంది. కెరటం ఇసుకని ఊపి ఊపి జావలా చేసినప్పుడు రెండూ కిందికి దిగుతూ, గట్టి పొర తగిలిన చోట ఆగుతాయి. ఆ పొర బంకమన్ను కావచ్చు, గుల్లల పరుపు కావచ్చు. సీసం గుళ్లు దొరికిన చోట చెత్త అని విసుక్కోకండి. అక్కడే నెమ్మదించండి, అడుగు అడుగూ చూడండి. చిన్న గులకరాళ్లు, బరువైన గుల్లలు, తుప్పు మేకులు ఒకేచోట పోగుపడి ఉన్నా అదే అర్థం.

నీటి గీతకి సమాంతరంగా, కెరటాలు విరిగే చోట ఒక పొడుగాటి పల్లం ఉంటుంది. పాటు వేళ అందులో నీళ్లు నిలిచి కనిపిస్తాయి. అది మొదట చూడాలి. తర్వాత, పోటు గట్టుని కత్తితో కోసినట్టు కోసిన చోట దాని పాదం వెంబడి నడవాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటింది. అలాంటి గాలివాన తర్వాత ఏళ్లనాటి ఇసుక కోసుకుపోయి పాత పొరలు బయటపడతాయి. అయితే కోసుకుపోయిన ఇసుక ఇంకోచోట మేట వేస్తుంది. ఈ తీరం వెంబడి ఏడాదిలో ఎక్కువకాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది. మేట కింద మూరెడు లోతున ఉన్న ఉంగరం చాలా యంత్రాలకి వినపడదు, అక్కడ కాలం వృథా. తుపాను తర్వాత మొదటి రోజుల్లో మాత్రం వెళ్లకండి. కరెంటు తీగలు, కూలిన చెట్లు, ఇళ్లు పోగొట్టుకున్న మనుషులు ఉంటారు. చేతిలో యంత్రం పట్టుకుని వాళ్ల మధ్య తిరగడం తప్పు.

సెట్టింగులు, ఒకదాని తర్వాత ఒకటి

మొదట ఇంటి దగ్గరే ఒక అభ్యాసం చేయండి. మీ ఉంగరాన్ని ఒక పొడవాటి దారానికి కట్టి, బకెట్ ఇసుకలో బెత్తెడు లోతున, తర్వాత జానెడు లోతున పెట్టి కూత వినండి. ఇప్పుడు ఆ బకెట్లో దోసెడు కల్లుప్పు కలిపిన నీళ్లు పోసి మళ్లీ వినండి. ఆ రెండు కూతల మధ్య తేడా చెవికి పట్టేదాకా ఒడ్డుకి వెళ్లినా ప్రయోజనం తక్కువ. దారం ఎందుకంటే, మీ ఉంగరాన్ని మీరే పోగొట్టుకోకుండా.

ఒడ్డుకి చేరాక యంత్రాన్ని మీరు వెతకబోయే మేరలోనే ఆన్ చేయండి. పొడి ఇసుకలో సరిచేసి తడిలోకి నడిస్తే ఆ సర్దుబాటు చెల్లదు. బీచ్ మోడ్ పెట్టండి. కాయిల్‌ని కదపకుండా నడుమెత్తున పట్టుకుని నాయిస్ క్యాన్సిల్ నొక్కండి, దగ్గరి కరెంటు తీగల, మొబైల్ టవర్ల రొద తగ్గుతుంది. పక్కన ఇంకో డిటెక్టర్ ఉంటే ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఇది చేయాలి.

తర్వాత గ్రౌండ్ బ్యాలెన్స్. కింద లోహం లేని చోటు చూసుకుని, కాయిల్‌ని ఇసుకకి రెండంగుళాల నుంచి జానెడు ఎత్తు దాకా నిటారుగా పైకీ కిందికీ ఆడిస్తూ, కూత సమసిపోయేదాకా మీట పట్టుకోండి. ఈ సర్దుబాటు ఉన్న ఏ యంత్రంలోనైనా ఇసుక తడి మారినప్పుడల్లా ఇది మళ్లీ చేయాలి. రుషికుల్య, బాహుదా ఏరులు సముద్రంలో కలిసే చోట్ల అయితే మరీనూ. వానాకాలంలో తియ్యనీరు కలిసి పది గజాలకే ఉప్పదనం మారిపోతుంది.

ఆఖరికి సెన్సిటివిటీ. కొత్తవాళ్లు దీన్ని చివరిదాకా తిప్పేస్తారు, లోతు ఎక్కువ వస్తుందని. ఉప్పు ఇసుకలో జరిగేది దానికి తలకిందులు. అరుపుల మధ్య అసలు కూత మునిగిపోతుంది. యంత్రం నిశ్శబ్దం అయ్యేదాకా తగ్గించి, అక్కడినుంచి ఒక మెట్టు పెంచి, ఎప్పుడో ఒకసారి చిటపటమనేలా ఉంచుకోండి. ఆ నిశ్శబ్దంలో జానెడు లోతు వినపడితే, అరుపుల్లో మూరెడు లోతు చూపే సెట్టింగు కన్నా మేలు.

డిస్క్రిమినేషన్ వీలైనంత తక్కువ. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు చాలామటుకు అయస్కాంతానికి అంటుకునే స్టీలువి కనుక యంత్రం వాటిని ఇనుములా చూడొచ్చు. పోతే పోనివ్వండి. ఇనుము ఒక్కటే నొక్కి, దానిపైన ఉన్న ప్రతి కూతా తవ్వండి.

తిప్పడం, వినడం

నీటి గీతకి అడ్డంగా పైకీ కిందికీ నడవకండి. దానికి సమాంతరంగా నడవండి. అప్పుడు కాయిల్ కింద తడి ఇంచుమించు ఒకేలా ఉంటుంది, యంత్రం తడబడదు. ఒక వరుస అయ్యాక సగం కాయిల్ వెడల్పు పక్కకి జరిగి తిరిగి రండి. చాలామంది ఉంగరం పక్కనుంచే వెళ్లిపోవడానికి కారణం ఈ సగం అతివ్యాప్తి వదిలేయడమే.

కాయిల్ ఇసుకకి రెండు వేళ్ల ఎత్తులో, సమంగా ఉండాలి. గడ్డి కోసినట్టు ఊపితే చివరల్లో కాయిల్ పైకి లేస్తుంది. లేచిన ప్రతిసారీ ఉప్పు కూత వేస్తుంది. ఇల్లు ఊడ్చేవాళ్ల చేతిలా నేలని అంటిపెట్టుకుని, నిదానంగా నడపండి. ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మూడు సెకన్లు. కెరటం కాయిల్ మీదుగా పారుతున్నప్పుడు ఆగిపోండి, పారిపోయాక మళ్లీ మొదలుపెట్టండి. నీళ్లలో అయితే కాయిల్ పూర్తిగా మునిగి ఉండాలి. సగం లోపల సగం బయట ఉంటే గోల తప్పదు.

నిజమైన కూత అటు నుంచి తిప్పినా ఇటు నుంచి తిప్పినా ఒకే చోట పలుకుతుంది. మీరు పావు చుట్టు తిరిగి నిలబడి చూసినా మారదు. ఉప్పు కూత ఒకవైపు నుంచే వస్తుంది, రెండోసారికి పక్కకి జరుగుతుంది. నల్ల ఇసుక పొర మీద కూత పొడుగ్గా సాగుతుంది, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలీదు. సీసా మూత మనల్ని బాగా మోసం చేస్తుంది. మంచి అంకె చూపిస్తుంది కానీ కాయిల్ అంచుతో తాకితే కూత చిరిగిపోతుంది, కాయిల్ కొంచెం ఎత్తితే అంకె మారిపోతుంది. అయినా అనుమానంగా ఉంటే తవ్వండి, మూత అయితే సంచిలో వేసుకోండి.

గొలుసుల సంగతి విడిగా చెప్పాలి. సన్నటి గొలుసు రెండు తులాలున్నా యంత్రం దాన్ని మొత్తంగా చూడదు, ఒక్కో చిన్న కొలికినీ విడివిడిగా చూస్తుంది. కూత చీమ కుట్టినంత. పుస్తెలతాడు పోయిందని వస్తే నేను పుస్తెల కోసమే వింటాను, పలకలా ఉంటాయి కనుక అవే ముందు పలుకుతాయి. వెండి మెట్టెలు, పట్టీలు సముద్రంలో కొన్నాళ్లుంటే నల్లగా, బొగ్గు చుట్టలా అయిపోతాయి. నల్లటి వలయం దొరికిందని విసిరేయకండి. బంగారం ఎన్నేళ్లకైనా రంగు మారదు. గిల్టు నగకి ఆకుపచ్చ చిలుము పడుతుంది.

తవ్వడం

కూత మధ్య బిందువు పట్టుకున్నాక, పారని దానికి బెత్తెడు వెనక గుచ్చండి. సరిగ్గా మీద గుచ్చితే ఉంగరం వంగుతుంది, రాయి ఊడుతుంది. ఒక పార ఇసుక తీసి పక్కన పోసి, ముందు గోతి మీద కాయిల్ తిప్పండి. కూత ఇంకా గోతిలో ఉంటే మళ్లీ తవ్వండి, లేకపోతే కుప్పలో ఉన్నట్టే. నీటి అంచున కెరటం వచ్చి గొయ్యి పూడ్చేస్తుంది. అప్పుడు కూత పక్కనే మీ పాదం మోపి ఉంచండి, గుర్తు పోదు. నిలబడేటప్పుడు ముఖం సముద్రం వైపే ఉండాలి.

తీసిన ప్రతి గొయ్యీ పూడ్చండి. పొద్దున్న నడకకి వచ్చే పెద్దవాళ్లు, వల లాగేవాళ్లు వెనక్కి నడుస్తారు. నా కళ్లముందే ఒక వలవాడి మడమ గోతిలో మెలితిరిగింది. గొయ్యి నాది కాకపోయినా ఆరోజు నేను తల దించుకున్నాను.

ఎక్కడికి వెళ్లకూడదు, దొరికితే ఏం చేయాలి

రుషికుల్య మొగ దగ్గర పొడంపేట, పురుణబంధ, గోఖరకుద ఇసుకలో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకి వేలు వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లు, మూరెడు లోతున. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. ఈ కాలమంతా ఆ ఇసుకలో పార దించడమంటే గుడ్లు పొడవడమే. 1972 వన్యప్రాణి చట్టంలో ఈ తాబేలు మొదటి షెడ్యూల్లో ఉంది. చట్టం సంగతి అటుంచి, ఒక్కసారి ఆ పిల్లలు నీటివైపు పాకడం చూసినవాళ్లు మళ్లీ అక్కడ పార ముట్టరు. బాహుదా మొగ దగ్గరా తాబేళ్లు వస్తాయి, అక్కడా ఇదే వర్తిస్తుంది.

గోలబంధ వైపు సైన్యం వాయు రక్షణ కళాశాల, దాని కాల్పుల మేర ఉన్నాయి. ఆ దరిదాపులకి వెళ్లొద్దు. తీరంలో ఎక్కడైనా గుండు ఆకారంలో తుప్పుపట్టిన లోహం తగిలితే ముట్టకండి. చుట్టూ జనాన్ని ఆపి పోలీసులకి ఫోన్ చేయండి. ఛత్రపురం ఖనిజాల తవ్వకాల మేర, పురావస్తు శాఖ రక్షిత స్థలాలు కూడా మనవి కావు.

మన ఊళ్లల్లో డిటెక్టర్ చూస్తే జనానికి మొదట గుర్తొచ్చేది గుప్తనిధులు. ఆ అనుమానం ఊరికే రాలేదు, గుళ్లు తవ్వినవాళ్లు ఉన్నారు. అందుకే కొత్త ఊరి ఒడ్డుకి వెళ్తే ముందు ఆ ఊరి పెద్దలతో, దగ్గరి పోలీసు స్టేషన్‌లో చెప్పి దిగండి. పగలే వెతకండి. ఎవరైనా అడిగితే యంత్రం వాళ్ల చెవికి పెట్టి వినిపించండి.

గోపాల్‌పూర్ ఒకప్పుడు బర్మాకి ఓడలు పోయిన రేవు. 1936 దాకా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. పాత రాగి నాణెం తగలడం వింత కాదు. 1878 నిధుల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉండి 10 రూపాయలకి మించిన విలువున్నది ఏది దొరికినా కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే జైలు దాకా వెళ్తుంది. వందేళ్లు దాటిన నాణేలు, విగ్రహాలు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి. వాటిని తోమకండి, యాసిడ్ పెట్టకండి, దొరికిన చోటు ఫోటో తీసి అధికారులకి చూపించండి.

నిన్నో మొన్నో పోయిన ఉంగరం నిధి కాదు, ఒకరి సొమ్ము. సొంతదారుని వెతికే ప్రయత్నం చేయకుండా వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరం. లోపల చెక్కిన పేరు, తేదీ చూడండి. లేకపోతే స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి. దొరికిన వస్తువు ఫోటో అందరికీ చూపించకండి. పోయిందన్నవాళ్లనే వర్ణించమనండి, బరువు, రాయి రంగు, నమూనా.

పోయినవాళ్లు పిలిచినప్పుడు

మా చెల్లి ఉంగరం పోయినప్పుడు నేర్చుకున్న పద్ధతి చెబుతాను. మనిషి కంగారులో “ఇక్కడే” అని చూపించే చోటు చాలాసార్లు తప్పు. ముందు వాళ్ల ఫోన్‌లో ఆరోజు తీసిన ఫోటోలు అడగండి. ఫోటో తీసిన గంటని బట్టి అప్పటి పోటు ఎంతవరకు ఉందో పట్టికలో తెలుస్తుంది. వెనకాల లైట్‌హౌస్, దుకాణాలు, కొబ్బరిచెట్లు ఎలా వరుసగా పడ్డాయో చూసి, మీరు నడుస్తూ ఆ వరుస మళ్లీ కలిసే చోట నిలబడండి. చెల్లి చూపించిన చోటుకీ ఫోటో చెప్పిన చోటుకీ నలభై అడుగుల తేడా వచ్చింది.

అక్కడ పది అడుగుల చదరంలో నాలుగు మూలలా కర్రలు పాతి, నైలాన్ తాడు కట్టి, లోపల వరుసలుగా వెతకండి. ఒడ్డుకి సమాంతరంగా ఒకసారి, తర్వాత అడ్డంగా ఒకసారి. ఆ అడ్డం వరుసలప్పుడు గ్రౌండ్ బ్యాలెన్స్ మళ్లీ చేసుకోవాలి. దొరక్కపోతే తర్వాతి చదరం, కెరటం వెనక్కి లాగిన దిశగా, సముద్రం వైపు. అదే మోడల్ ఉంగరం వాళ్ల ఇంట్లో ఇంకోటి ఉంటే తెప్పించి, తడి ఇసుక మీద పెట్టి ఏ అంకె చూపిస్తుందో రాసుకోండి. చెల్లి ఉంగరం మూడో రోజు పాటులో, జానెడు లోతున, గుల్లల పొర మీద దొరికింది. పక్కనే రెండు సీసం గుళ్లు ఉన్నాయి.

ఇంటికి వచ్చాక

అదే రోజు రాత్రి యంత్రాన్ని మంచినీళ్లతో కడగండి, రేపటికి వాయిదా వేయకండి. కాయిల్ కింద ప్లాస్టిక్ మూత ఉంటే ఊడదీయండి. దాని లోపల చిక్కుకున్న నల్ల ఇసుకే మర్నాడు దొంగ కూతలు పుట్టిస్తుంది. కర్ర కీళ్లలో ఇసుక ఉండగా తిప్పితే మరలు అరిగిపోతాయి, విడదీసి కుళాయి కింద పెట్టండి. ఛార్జింగ్ చోటు పూర్తిగా ఆరాకే తీగ పెట్టండి. పారని కూడా కడిగి నీడలో ఆరబెట్టండి, అతుకుల దగ్గర ఉప్పు తెల్లగా పూస్తే మళ్లీ ఒకసారి కడగాలి.